తుక్కు సామానుతో వీడియో ఆర్ట్: ఎస్పీ రోడ్డు సెటప్ రివ్యూ

నమస్కారమండీ. ఈసారి రివ్యూకి వచ్చింది తుక్కు సామాను. ఒక 14 అంగుళాల డబ్బా టీవీ, ఎవరో గోడ మీంచి పీకేసిన సీసీటీవీ కెమెరా, పాత డీవీడీ ప్లేయర్. వీటితో టీవీ బొమ్మని కావాలనే చెడగొట్టి వీడియో ఆర్ట్ చేస్తున్నాను. మూడూ బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల దొరికినవే. డబ్బా టీవీ కావాలనగానే షాపాయన జాలిగా చూసి, "ఎల్‌ఈడీ తీసుకో తమ్మా" అన్నాడు.

ఎల్‌ఈడీ మనకు పనికిరాదు. సిగ్నల్ కాస్త చెడితే చాలు, నీలం తెర వేసుకుని "నో సిగ్నల్" అని కూర్చుంటుంది. డబ్బా టీవీ మాత్రం పాడైన సిగ్నల్‌ని కూడా ఎలాగోలా చూపించాలని తంటాలు పడుతుంది. మనకు కావాల్సింది ఆ తంటాలే.

ఇదిగో, ఈ ప్లాస్టిక్ డబ్బాకి బిగించిన నాబ్. దీన్ని డర్టీ మిక్సర్ అంటారు. పేరు పెద్దదే కానీ లోపల ఉన్నది 1 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్ ఒక్కటే, వాల్యూమ్ తిప్పే బాపతు. ఒక చివరి కాలికి కెమెరా, ఇంకో చివరికి డీవీడీ, మధ్య కాలు టీవీ పసుపు పిన్నుకి. గ్రౌండ్లన్నీ కలిపేయాలి. మన పాత టీవీలు నడిచే పాల్ అనే సిగ్నల్ పద్ధతిలో ఫ్రేముకి 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. ప్రతి గీతా ఎక్కడ మొదలవ్వాలో సింక్ పల్స్ చెబుతుంది. ఇక్కడ మెషీన్లు రెండు, ఎవరి తాళం వాళ్ళది. నాబ్ నడిమికి వచ్చేసరికి ఎవరి మాట వినాలో తెలీక బొమ్మ చీలిపోతుంది, పైకి జారుతుంది. చూడండి, మా పెళ్ళి డీవీడీలో తలంబ్రాలు వచ్చి మా గ్యాస్ స్టవ్ మీద పడుతున్నాయి!

కెమెరాని అదే టీవీ వైపు తిప్పి, కాస్త వంచితే తెర తన బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూపిస్తూ సుడులు మొదలవుతాయి. మొన్న ఇది చూస్తూ కూర్చుంటే అన్నం మాడిపోయింది.

కెమెరా కొనేటప్పుడు జాగ్రత్త. ఏహెచ్‌డీ అనే కొత్త హెచ్‌డీ రకానికీ పాత అనలాగ్‌కీ కనెక్టర్ ఒకటే, కానీ ఏహెచ్‌డీ సిగ్నల్ ఈ టీవీకి అర్థం కాదు. నేను మొదట కొన్నది అదే, వెనక్కి తీసుకోలేదు.

1965లో నామ్ జూన్ పైక్ అనే వీడియో ఆర్టిస్టు టీవీ మీద పెద్ద అయస్కాంతం పెట్టి బొమ్మని వంచాడు. నేనూ స్పీకర్ అయస్కాంతం పెట్టాను. కలర్ టీవీ కదా, తెర మూలన ఊదా మచ్చ ఉండిపోయింది. స్విచ్చి ఆపి, అరగంట చల్లారనిచ్చి ఆన్ చేస్తే తెరకి పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే లోపలి డీగాస్ కాయిల్ కొంచెం కొంచెంగా తుడిచింది. నాలుగుసార్లు పట్టింది. టీవీ వెనక మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

రికార్డింగ్‌కి, వీడియో సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ కొన్నాను, అదొక్కటే దండగ. సింక్ చెడగానే అదీ బొమ్మ వదిలేస్తుంది. ఇప్పుడు ఫోన్‌తోనే నేరుగా తెరని తీస్తున్నాను. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే నల్ల పట్టీ పాకదు. మీరు చూస్తున్నది అలా తీసిందే.