మూతపడ్డ క్వారీ, బతికున్న అనుమతి

వ్యాఖ్యాత: నమస్కారం. రక్షిత ప్రాంతాల్లో ఎప్పుడో మూతపడ్డ క్వారీలను మళ్లీ తెరవనివ్వాలా? ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌తో మొదలుపెడదాం. లాయర్ గారూ, తవ్వకం ఆగిపోతే అనుమతి కూడా పోయినట్టే కదా?

న్యాయవాది: పోదండి, చిక్కంతా అక్కడే. పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ పార్కు అయింది 1951లో. అందులోని స్టాంటన్ మూర్ క్వారీలకు అనుమతి వచ్చింది ఆ మరుసటేడు, 1952లో! దగ్గర్లోనే నైన్ లేడీస్ అనే కాంస్య యుగపు రాతి వలయం ఉంది. మళ్లీ తవ్వుతారని తెలిసి, 1999 నుంచి నిరసనకారులు చెట్ల మీద గుడిసెలు కట్టుకుని కాపలా కాశారు.

వ్యాఖ్యాత: చెట్ల మీదా! ఎన్నాళ్లు?

న్యాయవాది: ఏళ్ల తరబడి. కోర్టులో మాత్రం గొడవంతా ఒక్క మాట మీద: క్వారీ నడుస్తున్నట్టా, నిద్రాణమా? 1995 పర్యావరణ చట్టం ప్రకారం 1982 ఫిబ్రవరి 22 నుంచి 1995 జూన్ 6 దాకా చెప్పుకోదగ్గ తవ్వకం జరగకపోతే నిద్రాణమే. కొత్త షరతులు ఖరారయ్యేదాకా అక్కడ గునపం దించకూడదు. 2005లో అప్పీలు కోర్టు అవి నిద్రాణమేనని తేల్చింది.

భూగర్భ శాస్త్రవేత్త: మంచిదే. కానీ పాత ఇళ్లు, వంతెనలు బాగుచేయాలంటే అదే రాయి కావాలి. రంగు, రేణువు కలవకపోతే పాత చొక్కాకి అతుకేసినట్టుంటుంది. ఏడాదికి నాలుగు లారీల రాయికీ, పేలుళ్లు పెట్టి కంకర కొట్టేవాళ్లకీ ఒకే రూలా?

పర్యావరణ పరిశోధకురాలు: నాలుగు లారీల దగ్గరే ఆగుతారా సార్? అదే పార్కులో లాంగ్‌స్టోన్ ఎడ్జ్ చూడండి. 1952 అనుమతి ఫ్లోర్‌స్పార్, బెరైటీస్ కోసం. వాటిని తీసేటప్పుడు వచ్చే ఇతర ఖనిజాలూ తీసుకోవచ్చన్నారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని సున్నపురాయిని భారీగా తవ్వేశారు. 2009లో అప్పీలు కోర్టులో పార్కు గెలిచింది. కొండ మాత్రం తిరిగి రాలేదు.

వ్యాఖ్యాత: వదిలేసిన గుంతలో కాపాడటానికి ఏముంటుంది మేడమ్?

పరిశోధకురాలు: నిలువు గోడల్లో బైరి డేగలు గూళ్లు పెడతాయి, పగుళ్లలో గబ్బిలాలు చలికాలం గడుపుతాయి. ఒక్కరోజు సర్వేకి ఈ రెండూ దొరకవు.

న్యాయవాది: అందుకే 1999లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం, ఇచ్చిన తీర్పు ముఖ్యం. పాత అనుమతికి కొత్త షరతులు పెట్టేటప్పుడు కూడా పర్యావరణ ప్రభావ అంచనా జరగాలంది.

వ్యాఖ్యాత: అసలు అనుమతినే రద్దు చేస్తే పోలా?

న్యాయవాది: రద్దు చేస్తే పరిహారం కట్టాలి. పార్కు అధికారుల టెన్షన్ అదే. 1982 ఫిబ్రవరి 22కి ముందు గడువు రాయకుండా ఇచ్చిన అనుమతులు 2042 దాకా ఉంటాయి మరి.

పరిశోధకురాలు: అందుకే నేనడిగేది, గుంత పూడ్చడానికి ఎంతవుతుందో అంత బ్యాంకు గ్యారంటీ ముందే ఇవ్వాలి.

భూగర్భ శాస్త్రవేత్త: అప్పుడు చిన్న క్వారీవాడు మునుగుతాడు. పెద్ద కంపెనీ మాత్రం నవ్వుతూ కడుతుంది.

పరిశోధకురాలు: అయితే గుంత సైజును బట్టి గ్యారంటీ పెట్టండి.

భూగర్భ శాస్త్రవేత్త: ఆ కొలత ఎవరు తీస్తారు? అదీ చెప్పండి.

వ్యాఖ్యాత: చిన్న విరామం తర్వాత అక్కడి నుంచే.