కానుక విప్పే వేళ

అందరికీ నమస్కారం. పెళ్లికి ముందు చేసే బ్రైడల్ షవర్‌కో, కాన్పుకు ముందు చేసే బేబీ షవర్‌కో వెళ్లేటప్పుడు ఎలా మెలగాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను మర్యాదల్లో పండితురాలిని కాను. తప్పులు చేసి, నాలుక కరుచుకుని నేర్చుకున్నదాన్ని.

షవర్ అంటే జల్లు. ఇక్కడ కురిసేది కానుకల జల్లు. మిగతా వేడుకలకు వట్టి చేతులతో వెళ్లినా ఎలాగో నడుస్తుంది. షవర్ జరిపేదే కానుకల కోసం. చిక్కంతా అక్కడే ఉంది. నోరు విప్పకుండా అడిగే వేడుక ఇది. అందుకే అమెరికాలో ఒకప్పుడు తల్లి, అక్కచెల్లెళ్లు షవర్ జరపకూడదనేవారు. సొంత మనిషి కోసం తామే చేయి చాచినట్టు ఉంటుందని ఆ భారం స్నేహితుల మీద వేసేవారు. ఇప్పుడు ఆ పట్టింపు సడలింది, మంచిదే. కానీ పెళ్లికి పిలవనివారిని బ్రైడల్ షవర్‌కు పిలవకూడదన్న నియమం మాత్రం సడలకూడదు. పిలిస్తే ‘నీ కానుక చాలు, నువ్వు అక్కర్లేదు’ అన్నట్టే కదా! ఆఫీసులో అందరూ కలిసి చేసే షవర్ సంగతి వేరు.

పిలుపు అందగానే వస్తారో రారో చెప్పేయండి. వెళ్లలేకపోతే కానుక పంపి తీరాలని లేదు. దగ్గరివారైతే ఎలాగూ పంపుతారు. ఒకే వధువుకు మూడు చోట్ల షవర్లు జరిగితే మూడు కానుకలు మోసుకెళ్లనవసరం లేదు.

ఇక రిజిస్ట్రీ. తమకు కావలసిన వస్తువులను జంట ముందుగానే దుకాణంలో రాయించి పెట్టే ఈ పద్ధతిని షికాగోలో మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద దుకాణం 1924లో మొదలుపెట్టింది. ఈ జాబితా చూస్తే నాకు ఒళ్లు మండేది, కానుక అడిగి పుచ్చుకునేదా అని. ఒకసారి జాబితాలో ఉన్న పిల్లల తోపుడు బండినే మరోచోట చవకగా దొరికిందని కొన్నాను. ‘కొనేశారు’ అని జాబితాలో గుర్తు పెట్టించలేదు. షవర్‌లో ఎవరిదో పొట్లం విప్పితే అదే బండి బయటపడింది. తర్వాతి వంతు నాది. కాగితం చిరిగి చక్రం కనిపించగానే గదిలో మాటలు ఆగిపోయాయి. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, ‘ఒకటి ఇంట్లో, ఒకటి కారులో!’ అని నవ్వేసింది. పరువు దక్కింది. ఆ రోజు నుంచి జాబితా మీద నాకు గౌరవం.

బిడ్డకు ఇచ్చే వస్తువుల దగ్గర మర్యాద కన్నా జాగ్రత్త ముఖ్యం. అప్పుడే పుట్టిన బిడ్డ కొలతతో ఉన్న గౌను ముద్దుగా ఉంటుంది, అందరూ అదే కొంటారు. కొన్ని వారాలకే అది పొట్టిదైపోతుంది. ఆరు నెలలకో, ఏడాదికో సరిపోయేది కొనండి, అప్పటి కాలం చలిదా ఎండదా అని లెక్కవేసుకుని. ఏడాది నిండని బిడ్డ పడుకునే చోట దిండ్లు, మెత్తటి బొమ్మలు ఉంచవద్దని పిల్లల వైద్యులు చెబుతారు. కాబట్టి ఆ అందమైన దిండ్ల సెట్టును దుకాణంలోనే వదిలేయండి. పాత వస్తువులు ఇవ్వడం తప్పేమీ కాదు, తల్లిని ముందే అడిగితే. కారు సీటు, పిల్లల మంచం విషయంలో మాత్రం వద్దు. కారు సీటుకు గడువు ఉంటుంది. అది ప్రమాదంలో దెబ్బతిన్నదో లేదో పైకి కనిపించదు. ఒకవైపు కటకటాలు కిందికి జారే పిల్లల మంచాల అమ్మకాన్ని అమెరికా 2011లో నిషేధించింది. అటక మీది పాత మంచం అలాంటిదే కావచ్చు.

అక్కడికి వెళ్లాక నిండు గర్భిణి పొట్ట మీద అడగకుండా చేయి వేయకండి. మీ కాన్పు ఎన్ని గంటలు పట్టిందో ఆ రోజు చెప్పకండి, దయచేసి. కానుకకు ధర చీటీ తీసేయండి, మార్చుకునే రసీదు లోపల పెట్టండి, పేరు రాసిన కార్డును పొట్లానికి గట్టిగా అంటించండి. విప్పే హడావిడిలో కార్డులు ఎగిరిపోతాయి, ఎవరిదేదో తెలియక కృతజ్ఞతలు తారుమారవుతాయి. అందుకే ఎవరేమిచ్చారో ఒకరు పక్కన కూర్చుని రాసుకుంటూ ఉండాలి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ పని మీరే తీసుకోండి. కలం వెంట తీసుకెళ్లండి. కాగితానికి మాత్రం అక్కడ కొదవ ఉండదు.