ఎద్దులకు దారి తెలుసు, డ్రోన్‌కి తెలియదు

[పొలం గట్టు. వెనక వరుసగా తాటిచెట్లు, దూరంగా సెల్ టవర్. సాయంత్రం వెలుతురు.]

నమస్కారం అండీ. పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు తీస్తాడు. అప్పు చేసి డ్రోన్ కొన్నాడు, నాలుగో రోజుకే కొబ్బరిచెట్టుకి కొట్టి పడింది, కెమెరాని పట్టి ఉంచే గింబల్ విరిగింది. "అన్నా, భయమేసి వెంటనే ఆర్‌టీహెచ్, అదే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కాను. నొక్కాక కూడా ఎలా పడింది? పీస్‌లోనే లోపం ఉందంటావా?" అని అడిగాడు.

పీస్‌లో లోపం లేదు. ఆ బటన్ నొక్కడం వల్లే పడింది.

ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. డ్రోన్ చేతికి ఇచ్చేటప్పుడు అందరూ చెప్పేది ఒకటే: "ఏదైనా తేడా వస్తే ఈ బటన్ నొక్కండి, ఇంటికి వచ్చేస్తుంది." ఆ ఒక్క మాట నమ్మి పోగొట్టుకున్న డ్రోన్లు నేను చాలా చూశాను. అందుకే రిమోట్ మీద ఏ స్టిక్ దేనికి, వీడియో ఎలా తియ్యాలి, అవేవీ ఈరోజు చెప్పను. అవి మీకు వచ్చే ఉంటాయి. ఈ బటన్ నొక్కాక నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను. కొత్తవాళ్ల చేతిలో డ్రోన్ పడిపోయే కారణాలు చాలావరకు అందులోనే బయటపడతాయి.

మా తాతగారికి ఎద్దుల బండి ఉండేది. సంతకెళ్లి రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఆయన బండిలోనే పడుకునేవారు. ఎద్దులు వాటంతటవే వచ్చి మా వాకిట్లో ఆగేవి. కాలవ గట్టు మీద నెమ్మదిగా నడిచేవి, వంతెన దగ్గర తిరిగేవి, ఎదురుగా ఇంకో బండి వస్తే పక్కకి ఒదిగేవి. వాటికి ఇల్లు ఒక్కటే కాదు, దారి కూడా తెలుసు.

మనం డ్రోన్‌ని అలాంటి ఎద్దే అనుకుంటున్నాం. కళ్లకి గంతలు కట్టి, "మీ ఇల్లు ఆ దిక్కున 400 మీటర్లు, తిన్నగా నడువు" అని వదిలేసిన ఎద్దు అది. మధ్యలో చెట్టుందో గోడుందో దానికి తెలియదు. చుట్టూ సెన్సర్లున్న ఖరీదైన కొత్త మోడళ్లు పక్కదారి వెతుక్కుంటాయి, కాదనను. మొదటిసారి కొనేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేవి అవి కావు.

సరే, ముందు ఇల్లంటే ఏమిటో చూద్దాం.

[స్క్రీన్ మీద: మ్యాప్‌లో హోమ్ పాయింట్ గుర్తు]

డ్రోన్‌కి ఇల్లంటే మీరున్న చోటు కాదు. అది లేచిన చోటు, జీపీఎస్ బాగా దొరికి "హోమ్ పాయింట్ అప్‌డేటెడ్" అని యాప్ చెప్పిన చోటు. తొందరపడి జీపీఎస్ దొరక్కుండానే లేపేశారనుకోండి, దానికి ఇల్లు లేనట్టే. గాల్లోకి వెళ్లాక ఎక్కడో చెరువు మీద సిగ్నల్ దొరికితే, ఆ చెరువే దాని ఇల్లు. అప్పుడు బటన్ నొక్కితే చెరువు మీదకే పోయి, అక్కడే కిందికి దిగుతుంది. ఆ అర నిమిషం ఆగలేకపోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

పాపికొండల బోటు మీంచి లేపేవాళ్లది ఇంకో కథ. బోటు మీంచి లేచింది, హోమ్ పాయింట్ గోదావరి మధ్యలో పడింది. బోటు ఆగదు కదా, కిలోమీటరు ముందుకు పోయింది. బ్యాటరీ తగ్గింది, డ్రోన్ తనంతట తానే ఇంటికి బయల్దేరింది. ఎక్కడికి? ఇందాక బోటున్న చోటికి. ఇప్పుడక్కడ నీళ్లే. సంతనే ఇల్లని చూపించి, ఎద్దు సంతకే తిరిగొచ్చింది అంటే తప్పు ఎద్దుది కాదు కదండీ. యాప్‌లో హోమ్ పాయింట్‌ని మనమున్న చోటికి మార్చుకునే వీలుంటుంది, ఎగిరే ముందే అదెక్కడుందో చూసి పెట్టుకోండి. అయినా మొదటి ఏడాది బోటు మీంచి వద్దు. బోటు ఇసుక తిన్నె దగ్గర ఆగినప్పుడు దిగి, నేల మీంచి లేపండి.

ఇప్పుడు అసలు విషయం. బటన్ నొక్కగానే డ్రోన్ ముందు చేసే పని వెనక్కి రావడం కాదు, పైకి లేవడం.

[చేత్తో చూపిస్తూ: పైకి, అడ్డంగా, కిందికి]

మీరు సెట్టింగ్స్‌లో పెట్టిన ఎత్తు వరకు నిలువునా లేస్తుంది. తర్వాత ఇంటి వైపు తిన్నగా వస్తుంది. ఇంటి పైకొచ్చాక దిగుతుంది. తమ్ముడి డ్రోన్ ఎక్కడుంది? కొబ్బరి మట్టల కింద. తోటలో పెళ్లికొడుకు నడుస్తుంటే వెనకాలే పోతోంది. పక్క చెట్టుకి తగులుతుందేమోనని భయమేసి బటన్ నొక్కాడు. అది చెప్పినట్టే చేసింది. నిలువునా లేచి మట్టల్లోకి పోయింది.

ఇది నాకూ జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నా మొదటి డ్రోన్ మామిడితోటలో ఇలాగే పోయింది. కొమ్మలో ఇరుక్కుని రెక్కలు కొట్టుకుంటున్న ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ రోజు ఈ మాట చెప్పేవాళ్లు ఒక్కరున్నా బాగుండేది.

మరి భయమేస్తే ఏం చెయ్యాలి? చేతులు తీసెయ్యండి. రెండు స్టిక్కుల మీంచీ వేళ్లు తీసెయ్యండి, అంతే. ఎద్దుకి పగ్గాలు వదిలేస్తే తన దారిన తను పోతుంది. జీపీఎస్ ఉన్న డ్రోన్‌కి పగ్గాలు వదిలేస్తే ఉన్నచోటే నిలబడుతుంది. స్టిక్కులు మధ్యకి రాగానే అదే బ్రేకు. మనకి భయమేసినప్పుడు చెయ్యి బిగుసుకుంటుంది, స్టిక్‌ని ఇంకా గట్టిగా నొక్కేస్తాం. నేను చూసిన క్రాష్‌లలో చాలావాటికి ఆ చివరి ఒక్క సెకనే కారణం. అందుకే కొత్తవాళ్లకి నేను మొదటి రోజు నేర్పేది ఎగరేయడం కాదు. ఖాళీ స్థలంలో పది మీటర్ల ఎత్తున ముందుకి పోనిచ్చి, నేను "వదులు" అనగానే వేళ్లు తీసెయ్యాలి. ఒక బ్యాటరీ అంతా అదే. చేతికి అది అలవాటు కావాలి. డ్రోన్ నిలబడ్డాక చుట్టూ చూసి, వచ్చిన దారినే నెమ్మదిగా బయటికి తీసుకురండి.

స్పోర్ట్ మోడ్‌లో, అంటే బాగా వేగంగా పోయే మోడ్‌లో మాత్రం వేళ్లు తీసినా వెంటనే ఆగదు. గాలి లేనప్పుడు కూడా ఆగడానికి కనీసం 30 మీటర్లు ఉంచుకోమని డ్రోన్ల కంపెనీ డీజేఐ మాన్యువల్సే చెబుతాయి. పైగా ఆ మోడ్‌లో అడ్డంకుల సెన్సర్లు పనిచేయవు. మొదటి నెల ఆ మోడ్ జోలికి పోవద్దు.

ఎత్తు సంగతికి వద్దాం. అదిగో ఆ తాటిచెట్లు చూడండి. బాగా ఎదిగిన తాడి 20 నుంచి 30 మీటర్లు ఉంటుంది. ఆ టవర్ అంతకంటే ఎత్తు. ఆర్‌టీహెచ్ ఎత్తు 30 మీటర్లని పెట్టుకుని టవర్ అవతలికి పోయి బటన్ నొక్కితే, గంతలు కట్టిన ఎద్దు తిన్నగా టవర్‌లోకే నడుస్తుంది. అందుకే కొత్త చోటికి వెళ్లగానే నేను ముందు చుట్టూ చూస్తాను, అన్నిటికంటే ఎత్తైనదేదో పట్టుకుంటాను, దానికి ఇంకో 20 మీటర్లు కలిపి పెడతాను. మన దేశంలో గ్రీన్ జోన్‌లో, అంటే ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 120 మీటర్లు, అంటే 400 అడుగులు దాటకూడదు, ఆ లోపలే పెట్టుకోవాలి. ఈ ఎత్తు చోటుని బట్టి మారాలి. నిన్న పొలంలో పెట్టింది రేపు ఊళ్లో పనికిరాదు.

స్క్రీన్ మీద కనబడే ఎత్తు దేని నుంచో తెలుసా? కింద ఉన్న నేల నుంచి కాదు, డ్రోన్ లేచిన చోటి నుంచి. అరకులో లోయలో నిలబడి లేపారు, కొండ వైపు పోనిచ్చారు. స్క్రీన్ మీద 60 మీటర్లని ఉంటుంది, మీకు ధైర్యంగా ఉంటుంది. కానీ కింద కొండ వాలు లేస్తూనే ఉంది, చెట్ల చివర్లు డ్రోన్‌కి దగ్గరైపోతున్నాయి. స్క్రీన్‌లో అంకె మారదు. కొండ అవతలికి పోయాక సిగ్నల్ తెగితే, డ్రోన్ తనే ఇంటికి బయల్దేరుతుంది. తిన్నగా. మధ్యలో ఉన్నది కొండ.

"నా డ్రోన్‌కి సెన్సర్లున్నాయి కదా" అంటారు. ఎటువైపు ఉన్నాయో చూశారా? డీజేఐ మినీ 2కి, మినీ 3కి అడుగున మాత్రమే. మినీ 3 ప్రోకి ముందూ వెనకా అడుగునా. మినీ 4 ప్రోకి అన్ని వైపులా. అంటే గంతలకి ఎన్ని చిల్లులున్నాయో మోడల్‌ని బట్టి ఉంటుంది. ఇప్పుడు మన పెళ్లి షాట్లు గుర్తు తెచ్చుకోండి. జంట చుట్టూ తిప్పేటప్పుడు డ్రోన్ పక్కకి నడుస్తుంది. పైకి లేస్తూ వెనక్కి పోయే షాట్‌లో వెనక్కి నడుస్తుంది. కెమెరా జంటనే చూస్తోంది, మీరు కెమెరాలోనే చూస్తున్నారు, డ్రోన్ పోతున్న వైపు ఒక్కరి కన్నూ లేదు. అలాంటి షాట్ తీసేటప్పుడు పక్కన ఒక మనిషిని పెట్టుకోండి. అతని పని డ్రోన్‌నే చూస్తూ "ఆపన్నా" అనడం.

అన్ని వైపులా సెన్సర్లున్నా కరెంటు తీగ కనబడదు. సన్నటి ఎండుకొమ్మ కనబడదు. అద్దం కనబడదు. మన కంటికే తీగ కనబడదు కదా, ఆకాశంలో కలిసిపోతుంది. అందుకని తీగ కోసం వెతక్కండి, స్తంభాల కోసం వెతకండి. ఇక్కడో స్తంభం, అక్కడో స్తంభం ఉన్నాయంటే మధ్యలో తీగ ఉన్నట్టే. దాటాల్సొస్తే స్తంభం తలకి బాగా పైనుంచి దాటండి. స్తంభం కంటికి కనబడుతుంది కాబట్టి ఎత్తు తెలుస్తుంది.

[ఆకాశం వైపు చూసి]

వెలుతురు తగ్గిపోతోంది, గాలి గురించి త్వరగా చెప్పేస్తాను. కింద ఆకు కదలకపోయినా పైన గాలి గట్టిగా ఉండొచ్చు. మినీ 2 మామూలు మోడ్‌లో సెకనుకి 10 మీటర్లు పోతుంది. 7 మీటర్ల ఎదురుగాలి ఉంటే మిగిలేది 3. ఒక్క నిమిషంలో రావాల్సిన 600 మీటర్లకి మూడు నిమిషాల పైన పడుతుంది. బ్యాటరీ అంతసేపు ఉండాలి. కంపెనీ చెప్పే 31 నిమిషాలు గాలి లేనప్పటి లెక్క. ఇక్కడ కూడా మన బటన్ ఏం చేస్తుందో చూడండి: డ్రోన్‌ని ఇంకా పైకి, ఇంకా గట్టి గాలిలోకి తీసుకుపోతుంది. ఏటికి ఎదురీదుతున్న ఎద్దుని ఇంకా లోతుకి తోలినట్టు. డ్రోన్ ముందుకు రావట్లేదని కనబడితే ఆర్‌టీహెచ్ ఆపేసి, కింద చెట్లూ తీగలూ లేవని చూసుకుని ఎత్తు తగ్గించి రండి. స్పోర్ట్ మోడ్ వాడాల్సింది అప్పుడే. అసలు ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే, వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది.

మిగతావి గబగబా. డాబా మీంచి, కారు మీంచి లేపకండి. శ్లాబులో ఇనుప ఊచలుంటాయి, దిక్సూచి తప్పు చూపిస్తుంది, డ్రోన్ సుడులు తిరుగుతుంది. చెక్క బల్ల మీదో, మట్టి నేల మీదో లేపండి. ప్రొపెల్లర్ రెక్కకి చిన్న నొక్కు పడినా మార్చెయ్యండి. మార్చేటప్పుడు గుర్తులు చూసి బిగించండి, అటుదిటు పెడితే లేవగానే తిరగబడుతుంది. గద్ద వెంటపడితే కిందికి దించకండి, నిలువునా పైకి లేపండి, పక్షులు అంత నిలువుగా ఎక్కలేవు. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో ఎగరేయొద్దు, ఆకాశమంతా మాంజాయే. లంబసింగి చలిలో లేపగానే దూరం పోనివ్వకండి, ఒక నిమిషం తలెత్తు మీద నిలబెట్టి బ్యాటరీ వేడెక్కనివ్వండి. ఉబ్బిన బ్యాటరీ అసలు పెట్టొద్దు. డ్రోన్ ముఖం మీ వైపుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి, కాబట్టి మొదటి వారం దాని తోక మీ వైపే ఉండాలి. బ్యాటరీ మరీ అడుగంటి తనంతట తనే దిగుతున్నా భయపడకండి, స్టిక్‌తో పక్కకి జరుపుకోవచ్చు, ఖాళీ నేల చూసి దించండి.

మరి ఆర్‌టీహెచ్ ఎప్పుడూ నొక్కకూడదా అంటే, నొక్కొచ్చు. డ్రోన్ కంటికి కనబడకుండా పోయి, తలమీద ఆకాశం తప్ప ఇంకేం లేదని తెలిసి, ఎత్తు సరిగ్గా పెట్టుకున్నప్పుడు నొక్కండి. నొక్కాక కూడా స్టిక్కుల మీద చేతులుంచండి. దించేటప్పుడు బటన్ రద్దు చేసి మీరే దించండి. ఒక్క జాగ్రత్త, కొన్ని మోడళ్లు హోమ్ పాయింట్‌కి బాగా దగ్గర్లో ఉంటే పైకి లేవవు, నొక్కిన చోటే దిగిపోతాయి. మీది ఎలా చేస్తుందో మాన్యువల్‌లో చూసుకోండి.

వేళ్లు వదిలే ప్రాక్టీసు ఇక్కడే ఎగరేసి చూపిద్దామనుకున్నాను. కానీ చూడండి, ఆ తీగలు ఇప్పుడు నాకే కనబడట్లేదు. అడుగున సెన్సర్లకి కూడా ఈ వెలుతురు చాలదు. ఇవాళ లేపను. రేపు పొద్దున్నే ఇదే పొలానికి వచ్చి ఆ ఒక్కటీ తీసి పెడతాను.

[బ్యాటరీ తీసి పెట్టెలో పెడుతూ]