తలుపుకు ఆనిన వీపు

శ్రోతలందరికీ నమస్కారం.

మా గోదావరి వాళ్ళను ఏదైనా అడిగి చూడండి. భోజనం అయిందా? ఆయ్. నొప్పి తగ్గిందా? ఆయ్. మళ్ళీ గురువారం వస్తారా? ఆయ్, తప్పకుండా అండి. ఎదుటి మనిషిని నొప్పించకూడదన్న మర్యాద అందులో ఉంది, కాదనను. కానీ అమలాపురం పక్కన ఒక చిన్న గదిలో పదిహేనేళ్ళుగా మనుషుల కష్టసుఖాలు వింటున్న కౌన్సెలర్‌ని నేను. ఆ ఒక్క మాట నా పనికి ఎంత అడ్డం పడిందో నాకే తెలుసు. తప్పకుండా వస్తానని నోరు అంటుండగానే ఆ మనిషి పాదాలు రెండూ గుమ్మం వైపు తిరిగి ఉండేవి. గురువారం వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. కొన్నేళ్ళు అలా దెబ్బతిన్నాక, నోటిని వింటూనే పాదాలను కూడా చూడటం అలవాటు చేసుకున్నాను.

మనసుకు చేసే చికిత్సలో ఒంటికి ఏం పని అన్నది ఈ రోజు ప్రసంగ విషయం.

నిజానికి మనసు బాగాలేదని చెప్పుకుంటూ నా దగ్గరకు వచ్చేవాళ్ళు తక్కువ. గుండె దడ అంటారు, గ్యాసు అంటారు, అరికాళ్ళ మంటలు, మెడ పట్టేయడం, నరాల బలహీనత అంటారు. అప్పటికే రెండు మూడు ఆసుపత్రులు తిరిగి, ఈసీజీ, స్కానింగు తీయించుకుని, ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వస్తారు. 'అన్నీ బాగానే ఉన్నాయట, ఏమీ లేదన్నారు' అని చెప్పేటప్పుడు వాళ్ళ ముఖంలో సంతోషం కనిపించదు, అవమానం కనిపిస్తుంది. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎక్కడిది? నేను నటిస్తున్నానా? ఆ ప్రశ్న వాళ్ళు పైకి అడగరు. నొప్పి నిజమే. దాని వేరు మాత్రం ఎక్స్‌రేలో కనిపించే చోట లేదు.

భయం ముందా, వణుకు ముందా అని 1884లోనే విలియం జేమ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక చిక్కు ప్రశ్న వేశాడు. భయపడ్డాం కాబట్టి వణుకుతున్నామని మనం అనుకుంటాం, కాదు, వణుకుతున్నాం కాబట్టే భయం తెలుస్తోంది అన్నాడు. ఆ మాట మీద తర్వాత ఎంతో వాదన జరిగింది. ఇప్పటి అవగాహన ప్రకారం దారి రెండు వైపులా ఉంది. మన ఏరు సముద్రంలోకే పోతుంది, ఎవరినడిగినా అదే చెబుతారు. కానీ పోటు వేళ ఏటి మొగ దగ్గర నిలబడి చూస్తే ఉప్పునీరు పైకి ఎదురెక్కుతూ ఉంటుంది. అలాగే మెదడు అడుగు నుంచి బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తుల మీదుగా పొట్ట దాకా దిగే వేగస్ అనే నరం ఒకటి ఉంది. అందులోని తంతువుల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు కబుర్లను కింది నుంచి పైకి మోసేవే. మెదడు ఇచ్చే ఆజ్ఞలకన్నా పొట్ట, గుండె పంపే సమాచారమే ఆ దారిలో ఎక్కువ.

కావాలంటే ఇప్పుడే చూసుకోండి. కుడిచేతి రెండు వేళ్ళు ఎడమ మణికట్టు మీద పెట్టి నాడి పట్టుకోండి. మామూలుగా ఊపిరి తీసుకోండి. ఇప్పుడు వేడి పాలు ఊదుకున్నట్టు నెమ్మదిగా, పొడవుగా వదలండి. తీసుకునేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు కాస్త నిదానిస్తుంది. వయసు మీద పడ్డవాళ్ళకు ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు, కంగారు పడకండి. గుండెను నేరుగా 'నెమ్మదించు' అని మనం ఆజ్ఞాపించలేం, ఊపిరిని మాత్రం పొడిగించగలం. ఊపిరి వెంట గుండె కొంత నిదానిస్తుంది.

అలాగని ఆందోళనలో ఉన్న మనిషికి 'గట్టిగా ఊపిరి పీల్చుకో' అని చెప్పేస్తే చాలనుకోకండి. ఆ తప్పు నేనే చేశాను. రొయ్యల చెరువు కాపలా కాసే ఒక యువకుడు గుండె దడతో వచ్చాడు. కళ్ళు మూసుకోమన్నాను, గట్టిగా ఊపిరి పీల్చమన్నాను, ఒళ్ళు వదులు చేయమన్నాను. మూడు నిమిషాలకు వేళ్ళు తిమ్మిరెక్కాయని, తల తిరుగుతోందని, చచ్చిపోతున్నానని లేచి నిలబడ్డాడు. అవసరానికి మించి ఊపిరి ఆడిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి సరిగ్గా అవే లక్షణాలు వస్తాయి. అది ఒక సంగతి. రెండోది నాకు ఇంటికి వెళ్ళాక తట్టింది. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు చచ్చి తేలతాయి. యజమాని పెట్టుబడి, ఇతని కొలువు ఒకేసారి మునుగుతాయి. రెండేళ్ళుగా ఆ మోటారు చప్పుడుకు చెవి అప్పగించి సగం నిద్రపోతున్న మనిషిని నేను కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేయమన్నాను! అతని ఒళ్ళు ఒప్పుకోలేదంటే నాకన్నా దానికే తెలివి ఎక్కువ. తర్వాతి వారం కళ్ళు తెరిచే కూర్చున్నాం. కిటికీలోంచి రోడ్డు కనిపించే కుర్చీ అతనికిచ్చాను.

ఒంటిని వినడం, ఒంటిని సడలించడం ఒకటి కావని నాకు తెలిసింది అక్కడే. సడలించే పద్ధతులు మంచివే. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడు 1929లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుతున్నాం. పిడికిలి బిగించి, ఆ బిగువును గమనించి, వదిలి, ఆ వదులును గమనించి, అలా ఒక్కొక్క కండరాన్నీ పలకరిస్తూ పోవడం. నిద్ర పట్టనివాళ్ళలో చాలామందికి పనికొస్తుంది. కానీ బిగుసుకున్న ఒళ్ళు ఊరికే బిగుసుకోలేదు. ఎందుకు బిగుసుకుందో అడగకుండా వదలమనడం, కావలివాణ్ణి కారణం అడగకుండా ఇంటికి పంపేయడం లాంటిది.

ఈ ఆలోచనను చికిత్సలోకి గట్టిగా తెచ్చినవాడు మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ శిష్యుల్లో ఒకడు, విల్‌హెల్మ్ రైక్. దిగమింగిన కోపం, ఏడుపు కండరాల్లో కవచంలా పేరుకుంటాయన్నాడు. చివరి దశలో ఆయన ఏదో విశ్వశక్తిని పెట్టెల్లో పట్టి రోగాలు నయం చేస్తానంటూ దారి తప్పాడు, అమెరికాలో కోర్టు కేసుల పాలై 1957లో జైల్లోనే చనిపోయాడు. మంచి గింజను, తాలును ఒకే మనిషిలో చూడాలంటే ఆయనే ఉదాహరణ. నాకు నచ్చినవాడు మాత్రం యూజీన్ జెండ్లిన్. షికాగోలో కార్ల్ రోజర్స్ అనే పేరున్న మనస్తత్వవేత్త బృందంతో కలిసి, చికిత్సలో జరిగిన సంభాషణల టేపులు ఎన్నెన్నో విన్నాడాయన. ఎవరికి గుణం కనిపిస్తోంది? గడగడా చెప్పేసేవాళ్ళకు కాదు. మధ్యలో ఆగి, 'అదీ... కోపం అనలేను... ఇక్కడ, గుండెల దగ్గర ఏదో గట్టిగా...' అంటూ లోపల తడుముకునేవాళ్ళకు. ఆ తడుములాటనే ఒక పద్ధతిగా మలిచి 1978లో పుస్తకంగా తెచ్చాడు.

ఇక ఒక పెద్దావిడ గురించి చెప్పాలి. ఆనవాలు దొరకకుండా వివరాలు మార్చాను, ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపాను కూడా. అరవై దాటిన మనిషి, సముద్రానికి దగ్గర ఊరు. మెడ నుంచి నడుము దాకా నొప్పి, గాలి వీస్తే నిద్ర ఉండదు. నేను డాక్టర్‌ని కానని ఎన్నిసార్లు చెప్పినా 'డాక్టరమ్మగారూ' అనే పిలిచేది. నేను పిన్నిగారూ అనేదాన్ని.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. ఆ రాత్రి ఈవిడ భర్త పొరుగూళ్ళో చిక్కుకుపోయాడు. పిల్లలిద్దరినీ మంచం కిందకు తోసి, తలుపు ఊడిపోకుండా వీపు ఆనించి, మడమలు నేలకు తన్నిపెట్టి తెల్లవార్లూ నిలబడింది. ఇదంతా నాకు మొదటిరోజే చెప్పింది, వార్తలు చదివినట్టు, కంట తడి లేకుండా. ఎన్నోసార్లు చెప్పిన కథ, పలుకులు అరిగిపోయాయి. ఇందులో ఇక చెప్పించడానికి ఏముందని అనుకున్నాను.

నా గదిలో ప్లాస్టిక్ కుర్చీలు. ఆవిడ కూర్చున్న కుర్చీ గంటసేపట్లో జానెడు వెనక్కి జరిగి బీరువాకు తగులుకునేది. రెండు వారాలు నేల నున్నగా ఉందేమో అనుకున్నాను. మూడో వారం మళ్ళీ తగిలింది. అప్పుడు చూశాను, తుపాను మాట వచ్చినప్పుడల్లా ఆవిడ మడమలు నేలను తంతున్నాయి.

"పిన్నిగారూ, మీ పాదాలు ఏం చేస్తున్నాయో ఒకసారి చూసుకుంటారా?"

ఆవిడ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. "క్షమించండమ్మా, కాళ్ళు చాపేశానా?"

"తప్పేం లేదు. వాటినలాగే ఉండనివ్వండి. ఏం చేద్దామనుకుంటున్నాయో చూద్దాం."

చాలాసేపు మాట్లాడలేదు. "తోస్తున్నాయి" అంది చివరికి.

ఏడిపించి, అరిపించి లోపలిదంతా కక్కించేద్దామని తొందరపడే చోటు ఇదే. వానాకాలం ఏటిగట్టు మీద రోకలిబండలు తిరుగుతుంటాయి కదా, పుల్లతో ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటాయి. మళ్ళీ పొడిస్తే విప్పుకోవు, ఇంకా బిగుసుకుంటాయి. పక్కన కూర్చుంటే వాటంతట అవే కదులుతాయి. పిన్నిగారితో ముందు ఒక ఒప్పందం చేసుకున్నాను. నోటిమాట నమ్మలేను కనుక, ఆపాలనిపిస్తే చెయ్యి ఎత్తాలి. ఉత్తుత్తిగానే రెండుసార్లు ఎత్తించి చూశాను, పెద్ద మనిషి నాకు వద్దని చెప్పడం అలవాటు కావాలని. అప్పుడు గోడకు వీపు ఆనించి నిలబడమన్నాను. తోయాలనిపిస్తే తోయండి, నెమ్మదిగా, ఎంత కావాలంటే అంత. నేను ముట్టుకోలేదు, ఎదురుగా నా కుర్చీలోనే ఉన్నాను. తోసింది. తొడలు వణికాయి. చెయ్యి ఎత్తింది, ఆపేశాం, మంచినీళ్ళు తాగింది. మళ్ళీ తానే వెళ్ళి నిలబడింది. మధ్యమధ్య కిటికీలో ఏం కనిపిస్తోందని అడుగుతున్నాను. "ఎండగా ఉందమ్మా. బడి ఆటో వెళ్తోంది." అలా పది నిమిషాలు గడిచాయేమో, వీపు గోడ నుంచి బెత్తెడు దూరం దానంతట అదే వచ్చేసింది.

"తెల్లారాక ఆ తలుపు ఎవరు తీశారో నాకు గుర్తు లేదమ్మా" అంది.

అన్నిసార్లు చెప్పిన కథలో ఆ మాట అంతకుముందు లేదు.

ఆ పూటతో నొప్పి ఎగిరిపోయిందని అనుకోకండి. ఎనిమిది నెలలు పట్టింది. ఫిజియోథెరపీ నడిచింది, నిద్రకు సైకియాట్రిస్టు మందు రాశారు. కండరాల్లో జ్ఞాపకాలు దాగి ఉంటాయని కొందరు రాస్తుంటారు, నేను అంత దూరం పోను. జ్ఞాపకం మెదడులోనే ఉంటుంది, అయితే మెదడు దాచుకునేది ఎప్పుడూ మాటల రూపంలోనే కాదు. ఈత నేర్చుకున్న మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత కాలవలో పడినా చేతులాడిస్తాడు, ఎలా ఆడించాలో చెప్పమంటే చెప్పలేడు. పిన్నిగారి మడమలకు తెలిసినది కూడా అలాంటిదే. ఆ రాత్రి మొదలైన పనికి ముగింపు దొరకలేదంతే.

ఈ పద్ధతుల మీద పరిశోధనలు సాగుతున్నాయి, కానీ కొన్నింటికి పునాది ఇంకా పలచనే. తీవ్రమైన ఘటనల తర్వాత మిగిలే బాధకు కళ్ళ కదలికలతో చేసే ఇఎమ్‌డిఆర్ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. ఒంటితో పనిచేసే మిగతా పద్ధతులకు అంత బలం లేదు. కనుక ఒక్క పూటలో మీ లోపలి గాయాన్నంతా బయటికి లాగేస్తామని, వేలకు వేలు తీసుకుని శిబిరాలు పెట్టేవాళ్ళ దగ్గర జాగ్రత్త. చికిత్స పేరుతో చెయ్యి వేస్తానంటే, ఎందుకో అడగండి, వద్దనండి. మొహమాటానికి ఆయ్ అనకండి. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, ఆయాసం ఉంటే ముందు ఆసుపత్రికే వెళ్ళండి, నా దగ్గరకు కాదు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకున్నవాళ్ళకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో కనుక్కోవడం మీ హక్కు. ఎవరి దగ్గరకు వెళ్ళాలో తోచకపోతే మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉంది. పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చికిత్స ముగిశాక కొన్నాళ్ళకు బంగాళాఖాతంలో వాయుగుండమని మీరు వింటున్న ఈ రేడియోలోనే చెప్పారు. ఆ రాత్రి ఈదురుగాలి. మర్నాడు పొద్దున్నే పిన్నిగారు ఫోను చేసింది.

"రాత్రి మెలకువ వచ్చిందమ్మా. తలుపు దగ్గరకు వెళ్ళి కాసేపు వీపు ఆనించి తోశాను. తర్వాత గడియ పడిందో లేదో చూసుకుని వచ్చి పడుకున్నాను."

"నిద్ర పట్టిందా పిన్నిగారూ?"

"ఆయ్" అంది.

ఫోనులో పాదాలు కనిపించవు కదా. గురువారం ఒకసారి వచ్చి వెళ్ళమన్నాను.

నమస్కారం.