ఎవరి పనీ కాని ఆ పదకొండు గంటలు

అందరికీ నమస్కారం.

హోటల్ వాళ్లు, ఏజెంట్లు, గైడ్లు, డ్రైవర్లు కలిసి కూర్చున్న మన పర్యాటక వర్క్‌షాప్‌లో పాల్గొన్నవాళ్లే ఈ సభలో ఎక్కువమంది ఉన్నారు కాబట్టి, అక్కడ జరిగినదంతా వరసగా చెప్పను. బయటపడ్డ సంగతుల్లో దేన్ని మాత్రం వదిలేయకూడదని నాకు గట్టిగా అనిపిస్తోందో, దాని గురించే మాట్లాడతాను.

పర్యాటక రంగంలో ఎవరి పని వాళ్లు చాలావరకు బాగానే చేస్తున్నారు. గది శుభ్రంగా ఉంటుంది, బండి టైముకే వస్తుంది, గైడ్‌కి చెప్పాల్సిన విషయమంతా తెలుసు. అయినా వచ్చినవాళ్లు విసిగిపోయి ఇంటికి వెళ్తున్నారు. ఎందుకంటే ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోటే ఇబ్బంది వస్తోంది. ఆ చోటు ఎవరి బాధ్యతో ఎక్కడా రాసి లేదు.

గోడకి అంటించిన పొడవాటి కాగితం మీకు గుర్తుండే ఉంటుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ. ఇలా ఒక కుటుంబాన్ని ఊహించుకుని, బుకింగ్ చేసిన రోజు నుంచి ఇల్లు చేరేదాకా వాళ్ల ప్రయాణాన్ని గంటగంటకీ రాయమన్నాం. హోటల్ వాళ్లకి ఒక రంగు చీటీలు, ఏజెంట్లకి ఒకటి, గైడ్లకి, డ్రైవర్లకి వేరే రంగులు. మొదటి రోజుల దగ్గర చీటీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆఖరి రోజు దగ్గర మాత్రం కాగితం బోసిగా మిగిలింది. ఉదయం 10కి చెక్ అవుట్, రాత్రి 9కి రైలు. మధ్యలో 11 గంటలు. లగేజీ ఎక్కడ పెట్టుకోవాలి? ఎండలో తిరిగొచ్చాక స్నానం ఎక్కడ? నానమ్మ కాసేపు నడుం వాల్చేదెక్కడ?

రిసెప్షన్ వాళ్లు “అది ఏజెంటు చూసుకుంటారనుకున్నాం” అన్నారు. ఏజెంటేమో “బండి ఉంది కదా” అన్నారు. బండి ఉంది, నిజమే. ఆ బండిలో సామానుంది. సామానుంది కాబట్టి డ్రైవర్ దాన్ని వదిలి భోజనానికి కూడా వెళ్లలేడు. ఏళ్ల తరబడి ఇలాగే నడుస్తోందని ఒక డ్రైవర్ చెప్పినప్పుడు, అదే హోటళ్లతో రోజూ పనిచేసేవాళ్లు కూడా ఆశ్చర్యపోయారు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. చెక్ అవుట్ అయ్యాక సామానుకి టోకెన్ ఇచ్చి దాచే చోటు, సాయంత్రం వాడుకోవడానికి ఒక స్నానాల గది, ఆ సదుపాయం ఉందని బుకింగ్ కాగితంలోనే ఒక్క వాక్యం. అంతే. ఇన్నాళ్లూ ఇది జరగకపోవడానికి కారణం డబ్బు కాదు, ఆ నలుగురూ ఒకేచోట కూర్చోకపోవడం.

కూర్చున్నంత మాత్రాన కూడా మాట్లాడరు. పెద్ద హాల్లో మైకు తిప్పినంతసేపు మేనేజర్లే మాట్లాడారు. చిన్న బల్లల దగ్గరికి మారాకే డ్రైవర్లు, గైడ్లు నోరు విప్పారు. మనం వాడినది ‘వరల్డ్ కెఫే’ పద్ధతి. 1995లో కాలిఫోర్నియాలో హువానిటా బ్రౌన్, డేవిడ్ ఐజాక్స్ ఇంట్లో జరిగిన ఒక సమావేశంలో ఇది పుట్టింది. బల్ల దగ్గర ఒకరు ఉండిపోతారు, మిగతావాళ్లు లేచి వేరే బల్లలకి మారతారు, కొత్తగా వచ్చినవాళ్లు పాత మాటని అందుకుంటారు. పర్యాటక రంగానికి ఇంతకన్నా సరిపోయే పద్ధతి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఎక్కువ తెలిసినవాళ్లే ఇక్కడ తక్కువ హోదాలో ఉంటారు.

ఒక కుటుంబం ఆఖరి రోజు పాడవడం చిన్న సంగతిలా కనిపించవచ్చు. ఇదే తీరు ఒక ప్రాంతం మొత్తానికి పాకితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ దీవిని 2018లో ఆరు నెలలు మూసేశారు, శుద్ధి చేయని మురుగునీరు సముద్రంలో కలుస్తోందని. థాయ్‌లాండ్‌లో మాయా బే బీచ్ కూడా అదే ఏడాది మూతపడి, 2022 జనవరిలో గానీ తెరుచుకోలేదు. పడవల తాకిడికి అక్కడి పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు పడవలు ఆ తీరంలోకి రాకూడదు, మనుషుల సంఖ్యకీ పరిమితి ఉంది. ప్రతి పడవవాడూ తన ట్రిప్పు తాను చూసుకున్నాడు. అన్ని ట్రిప్పుల మొత్తాన్నీ చూసేవాళ్లు లేకపోయారు. 2024లో ప్రపంచం మొత్తం మీద దేశాలు దాటి ప్రయాణించినవాళ్ల రాకలు దాదాపు 140 కోట్లు. ఇంత రద్దీలో ఎవరికి వాళ్లు పనిచేసుకుంటూ పోతే చాలదు.

రద్దీ తగ్గించడానికి చాలాచోట్ల టైమ్ స్లాట్లు పెట్టారు. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా కోటలో నస్రీద్ రాజభవనాలకి టికెట్ మీద ఉన్న సమయానికే వెళ్లాలి. పద్ధతి మంచిదే. కానీ అలాంటి చోట ఆ సమయం డ్రైవర్‌కీ, పొద్దున టిఫిన్ వడ్డించే హోటల్‌కీ తెలియకపోతే ఆ కుటుంబానికి మిగిలేది టెన్షనే. అందుకే మన గైడ్లు అడిగిన ఒక్క పేజీ కాగితాన్ని నేను గట్టిగా సమర్థిస్తున్నాను. స్లాట్ ఎప్పుడు, నడవలేనివాళ్లు ఉన్నారా, మందులేమైనా చల్లగా ఉంచాలా, ఆఖరి రోజు ఖాళీ ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. అది యాత్రికుడితో పాటు చేతులు మారాలి.

వర్క్‌షాప్ వచ్చే విడతలో స్థానికులు కూడా ఉండాలి. మొదట్లో ఆనందంగా స్వాగతం పలికిన ఊరే రద్దీ పెరిగేకొద్దీ చిరాకుపడి చివరికి ఎదురుతిరుగుతుందని డాక్సీ అనే పరిశోధకుడు 1975లోనే ఒక నమూనా ఇచ్చాడు. అన్ని ఊళ్లూ ఆ వరసలోనే నడవకపోవచ్చు. అయినా ఆ చిరాకు మొదలైన సంగతి మనకన్నా ముందు తెలిసేది అక్కడ ఉండేవాళ్లకే.

ఇంకొక్క మాట. జీతం ఉన్నవాళ్లకి వర్క్‌షాప్ కూడా డ్యూటీయే. రోజువారీ సంపాదన మీద బతికే గైడ్‌కి, డ్రైవర్‌కి అది పోగొట్టుకున్న కూలి. సీజన్‌లో పిలిస్తే వాళ్లు రారు, రాలేరు కూడా. కాబట్టి తర్వాతి విడత అన్‌సీజన్‌లో పెడదాం. వాళ్ల రోజు కూలిని బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాద్దాం. హాలు, భోజనాలు, బ్యానర్ల లెక్క ఆ తర్వాత వేసుకుందాం.