ఆ రోజు నాకు తలనొప్పి లేదు: పర్లాకిమిడి వ్లాగ్

వందనాలు అండి, నమస్కారం అండి. రెండూ చెబుతున్నాను. మా అమ్మ గుమ్మంలోకి వచ్చేవాళ్ళలో సగం మంది మాలాంటి క్రైస్తవులు, మొదటి మాట అంటారు, మిగతా సగం మంది రెండో మాట అంటారు. అమ్మ ఎవరికి తగ్గట్టు వాళ్ళకు బదులిస్తుంది, తల కూడా ఎత్తదు, కుట్టు మిషను తొక్కుతూనే ఉంటుంది. వెనక వినిపిస్తున్న టకటక అదే. కాసేపు ఆపమని అడిగాను. "క్రిస్మస్‌కు ఇంకా పద్నాలుగు జాకెట్లు ఉన్నాయి. నీ వీడియో కోసం మిషను ఆగదు" అంది. కాబట్టి మీరూ భరించండి.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు చెబుతాను. నేను కెనడాలో, హామిల్టన్‌లో ఉంటాను. ఆసుపత్రిలో నర్సును. పదకొండేళ్ళయింది వెళ్ళి. ఇది మా ఊరు పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ దుకాణాల బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి, తిట్లు రెండింటిలోనూ వస్తాయి. రాజావారి కోట చూపిస్తానని, కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ళ దగ్గరకు తీసుకువెళ్తానని పోయినసారి మాట ఇచ్చాను. అవి తరువాత. ఒక సంగతి చాలాకాలంగా మనసులో నలుగుతోంది, ముందు అది చెప్పేయాలి.

రాత్రి డ్యూటీలో రెండు గంటలకు మాకు భోజనం. నాతో పనిచేసే ఒక అమ్మాయి ఉంది, అక్కడే పుట్టి పెరిగింది. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఏ ప్రార్థనకూ వెళ్ళలేదట. మంచి మనిషి. ఒక రాత్రి నన్ను అడిగింది: "రోజూ అన్నం డబ్బా తెరిచే ముందు కళ్ళు మూసుకుంటావు, ఎందుకు?" ఎగతాళి ఏమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నేను ఏమన్నానో తెలుసా? "తలనొప్పి" అన్నాను.

పాపం, ఆ అమ్మాయి లేచి వెళ్ళి తన సంచిలోంచి మాత్ర తెచ్చి ఇచ్చింది. నీళ్ళు కూడా పోసి ఇచ్చింది. నేను మింగాను. లేని నొప్పికి మాత్ర వేసుకున్న నర్సును నేనే అయి ఉంటాను. హామిల్టన్‌లో మా వీధిలో కోళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆ తెల్లవారుజామున ఒకటి కూసేది. కోడి కూసేలోపు మూడుసార్లు యేసు ఎవరో తెలియదని బొంకిన శిష్యుడు పేతురు కథ తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది.

ఇదే మనిషి ఆదివారం అక్కడి తెలుగు కూడికలో మైకు పట్టుకుంటే వాక్యం ధారగా వస్తుంది. కెమెరా ముందు ఎంతసేపైనా మాట్లాడుతుంది. ఎదురుగా కూర్చుని టమాటా సూపు తాగుతున్న ఒక్క మనిషికి మాత్రం చెప్పలేకపోయింది. ఇంకా సిగ్గు కలిగించే విషయం ఒకటుంది. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు, తరువాత ఈ పర్లాకిమిడి దాకా, పైన కొండల్లోని సెరంగో దాకా వచ్చారు. సెరంగోలో ఆసుపత్రి కట్టింది వాళ్ళే. అక్కడి నుంచి ఓడలెక్కి ఇక్కడికి వచ్చి వాళ్ళు చెప్పారు. ఇక్కడి నుంచి విమానమెక్కి అక్కడికి వెళ్ళి నేను తలనొప్పి అన్నాను.

సరే, ఇక ఇంట్లోకి వద్దాం. నిన్న మధ్యాహ్నం జరిగింది ఇది. కెమెరా లేదు, ఉన్నా తీసేదాన్ని కాదు. పక్క వీధి నుంచి ఒకావిడ జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చింది. అమ్మ మెడలో టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. ఆవిడ చేతులు చాచి నిలబడింది. భుజం కొలుస్తూ అమ్మ "చిక్కిపోయావేమిటి, పోయిన ఏటికంటే రెండు అంగుళాలు తగ్గావు" అంది. అంతే, ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. భర్త పోయి ఏడు నెలలట, రాత్రుళ్ళు నిద్ర లేదట. అమ్మ పెదవుల మధ్య సూదులు తీసి గుడ్డకు గుచ్చింది.

"మీ అన్నయ్య పోయాక నాకూ రెండేళ్ళు నిద్ర లేదమ్మా. రోజూ రాత్రి ప్రభువుతో పోట్లాడేదాన్ని. ఎందుకు తీసుకెళ్ళావు, నా ఇద్దరు పిల్లల సంగతేమిటి అని. ఒక రాత్రి పోట్లాడుతూ పోట్లాడుతూనే నిద్రపోయాను. ఆయనకు నా మీద కోపం రాలేదు" అంది. కాస్త ఆగి, "నీ కోసం ప్రార్థన చేసుకోనా?" అని అడిగింది.

"చేయండి వదినా. నేను అమ్మవారికి కూడా మొక్కుకున్నాను" అందావిడ.

"సరే" అంది అమ్మ. నడుము కొలత రాసుకుంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. నేనైతే అక్కడ ఆదాము దగ్గర మొదలుపెట్టేదాన్ని. పాపం, శిక్ష, సిలువ, రక్షణ, నాలుగు అంశాలు, ఐదు వచనాలు. ఆవిడ చేతులు చాచి నిలబడే ఉండేది, పాపం.

ఇదిగో, ఆ పాపం అన్న మాట దగ్గరే ఆగుదాం. ఇప్పటిదాకా మూడుసార్లు వాడాను, గమనించారా? రెండుసార్లు జాలితో, ఒకసారి బైబిలు అర్థంలో. పొరుగింటి పిన్నితో "మనమందరం పాపులం పిన్నీ" అంటే ఆవిడ చెవికి అది తిట్టులా తగులుతుంది. చిన్నప్పుడు నేను "రక్షణ పొందాను" అని చెబితే పిన్ని కొడుకు "రక్షణ శాఖలోనా, ఎంత జీతం?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, పేపర్లో రోజూ చదివే మాట అదే. అన్నిటికంటే విచిత్రం నిరీక్షణ. విశ్వాసం గురించి ధైర్యంగా చెప్పమన్నప్పుడల్లా అయ్యగార్లు, అంటే మా పాస్టర్లు, ఎత్తి చూపే వచనం మొదటి పేతురు 3:15. మీలో ఉన్న నిరీక్షణ గురించి ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో, అని. మన బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ. బయట నిరీక్షణ అంటే బస్సు కోసం ఎదురుచూడటం. నీలో నిరీక్షణ ఉందా అని ఎవరినైనా అడిగి చూడండి, గుణుపురం బండి ఇంకా రాలేదా అని మిమ్మల్నే తిరిగి అడుగుతారు.

నా విషయంలో దీనికో కారణం ఉంది. నేను చదివింది ఒడియా బడి. తెలుగు అక్షరాలు బడిలో ఎవరూ నేర్పలేదు. ఆదివారపు బడిలో, బైబిలు మీద వేలు పెట్టి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఈ ఊరి తెలుగు క్రైస్తవ పిల్లల్లో నాలాంటివాళ్ళు చాలామంది. కాబట్టి దేవుడి గురించి మాట్లాడాలంటే నా నోట "చెప్పెను, వచ్చెను, దర్శించెను" వస్తాయి. నవ్వడానికి, ఏడవడానికి, బేరానికి ఒక తెలుగు, దేవుడికి ఇంకో తెలుగు. ఆ రెండోది హామిల్టన్ భోజనాల గదిలో ఎలా పనికొస్తుంది? ఇంగ్లీషులో కూడా నాకు చర్చి ఇంగ్లీషు ఒకటి ఉందిలెండి, అదీ అంతే.

తమాషా ఏమిటంటే, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారిది ఈ ఊరే. 1880లో ఇక్కడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. కొండ మీది సవర గిరిజనుల మాట వాళ్ళ దగ్గరే నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు ఇటు చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. నాకు ఆయన మతంతో పని లేదు, ఈ వీడియోకు ఆయనను సాక్షిగా పిలవడమూ లేదు. కానీ ఆయన నడిచిన వీధుల్లో పుట్టి, నాకు అతి దగ్గరి విషయాన్ని గ్రాంథికంలో తప్ప చెప్పలేకపోవడం మాత్రం చికాకుగా ఉంది.

ఇప్పుడు చాక్లెట్ల సంగతి. ఈసారి సూట్‌కేసు నిండా చాక్లెట్లు తెచ్చాను, కూడా చిన్న సువార్త పుస్తకాలు నలభై. రెండూ ఒక్కో కవరులో పెట్టి వీధి పిల్లలందరికీ ఇద్దామని మంచం మీద పరిచాను. అమ్మ చూసి, మాట్లాడకుండా పుస్తకాలన్నీ తీసి పక్కన పెట్టేసింది. "చాక్లెట్లు ఇచ్చిరా. పుస్తకం ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం. రెండూ కలిపి ఇస్తే దేనికోసం చేయి చాచారో వాళ్ళకే తెలియదు" అంది.

సాయంత్రం అయ్యగారు వచ్చినప్పుడు అదే మాట ఇంకా గట్టిగా చెప్పారు. బలవంతంతోనో ప్రలోభంతోనో మోసంతోనో మతం మార్పిస్తే నేరమని దేశంలో మొదట చట్టం చేసిన రాష్ట్రం ఒడిశా, 1967లోనే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. అయితే ప్రచారం హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా నాది ఓసీఐ కార్డు, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకు ఇచ్చేది. మత ప్రచార కార్యకలాపాలకు నాలాంటివాళ్ళు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. నేను వచ్చింది అమ్మను చూడటానికి, సభలు పెట్టడానికి కాదు. చాక్లెట్లు పంచాను. పుస్తకాలు ఇంకా బీరువా మీదే ఉన్నాయి.

ఈ జిల్లాలో క్రైస్తవులు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో మూడో వంతుకు మించే ఉన్నారు, రాష్ట్రం మొత్తంలో మూడు శాతం లోపే. అయినా జాగ్రత్త అవసరమే. భయం వేరు, జాగ్రత్త వేరు అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. నిజాయితీగా చెప్పాలంటే హామిల్టన్‌లో నాది జాగ్రత్త కాదు. అక్కడ నన్ను ఆపే చట్టమేమీ లేదు, ఆ అమ్మాయి నన్ను పాతకాలపు మనిషి అనుకుంటుందేమోనన్న బెంగ తప్ప.

మొన్న సాయంత్రం నా చిన్ననాటి స్నేహితురాలితో బజారుకు వెళ్ళాను. గుప్‌చుప్ బండి దగ్గర నిలబడ్డాం. మీరు పానీపూరీ అంటారు, ఇక్కడ అలా అంటే బండివాడు నొచ్చుకుంటాడు. నాలుగోది నోట్లో పెట్టుకుంటూ తను అడిగింది: "అక్కడ కూడా చర్చికి వెళ్తావా? ఆ చలిలో? ఎందుకే?"

నేను మొదలుపెట్టాను. "ఆయన కృప నన్ను..." అన్నానో లేదో తను పగలబడి నవ్వింది. "ఏమిటే, మైకు పెట్టినట్టు మాట్లాడుతున్నావు?"

నాకూ నవ్వొచ్చింది. కారం కళ్ళలోకి ఎక్కింది. అప్పుడు ఎలా వచ్చిందో అలా చెప్పాను. కోవిడ్ రోజుల్లో ఒక తెల్లవారుజామున డ్యూటీ దిగాను. ఆ రాత్రి మా వార్డులో ఇద్దరు పోయారు, ఇద్దరి చేతులూ పట్టుకున్నది నేనే, రెండు జతల చేతి తొడుగుల మీదుగా. కారులో కూర్చున్నాను. అద్దం నిండా మంచు. తాళం తిప్పడానికి చేయి రావడం లేదు. "నాకు చేతకావడం లేదు, నువ్వే చూసుకో" అన్నాను పైకే. వెలుగు రాలేదు, స్వరమూ వినిపించలేదు. కాసేపటికి చేయి కదిలింది, ఇంటికి వెళ్ళాను, మళ్ళీ రాత్రికి డ్యూటీకి వచ్చాను. "ఆ కారులో నేను ఒక్కదాన్నే లేనే. అంతే నాకు తెలిసింది. అందుకే వెళ్తాను" అన్నాను.

యోహాను సువార్తలో చూపు వచ్చిన గుడ్డివాడు కూడా ఇంతే చెప్పాడు కదా. పెద్దలు ఎంత గుచ్చి అడిగినా, ఆయన పాపియో కాదో నాకు తెలియదు, అప్పుడు కనబడేది కాదు, ఇప్పుడు కనబడుతోంది, అన్నాడు. ఆ సంగతి బజారులో తట్టలేదు, ఇంటికొచ్చాక తట్టింది.

తను వెంటనే ఏమీ అనలేదు. బండివాడు దొన్నెలో నీళ్ళు పోసి ఇంకొకటి అందిస్తే వద్దంది. తరువాత, కొడుకుకు జబ్బు చేసినప్పుడు శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కిన సంగతి చెప్పింది. చెప్పులు లేకుండా ఎక్కిందట, దిగేటప్పుడు కాళ్ళు బొబ్బలట. ఇన్నేళ్ళ స్నేహంలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. బహుశా నేను ఎప్పుడూ అడగలేదు. ఇద్దరం చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాం. డబ్బులు తనే ఇచ్చింది, నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇది చెప్పడానికే ఈ వీడియో. కాదు, ఇంకొకటి మిగిలింది.

నిన్న రాత్రి హామిల్టన్ అమ్మాయికి సందేశం పంపాను. అక్కడ పగలు పదకొండు. మూడుసార్లు రాసి కొట్టేశాను, మూడింట్లోనూ చర్చి ఇంగ్లీషు చొరబడింది. చివరికి ఒక్క వాక్యం: "ఆ రోజు నాకు తలనొప్పి లేదు, ప్రార్థన చేసుకుంటున్నాను, చెప్పడానికి సిగ్గుపడ్డాను."

పొద్దున లేచేసరికి జవాబు ఉంది. "నాకు తెలుసు. తలనొప్పి ఎవరికీ రోజూ సరిగ్గా రెండు గంటలకు, డబ్బా మూత దగ్గర రాదు. మాత్ర మింగుతావో లేదో చూద్దామని ఇచ్చాను" అని రాసి, నవ్వే బొమ్మ పెట్టింది. దాని కింద ఇంకో వరస: "ఇంతకీ కళ్ళు మూసుకుని ఏమంటావు?"

చాలాసేపు ఆలోచించాను. గొప్పగా ఏదైనా రాద్దామనే అనిపించింది. కానీ నేను ఎక్కువ రాత్రుళ్ళు అనేది "అన్నం పెట్టావు, చాలు. ఈ రాత్రి ఎవరూ పోకుండా చూడు" అని. అదే రాసి పంపాను.

అమ్మ పిలుస్తోంది, సూదిలో దారం ఎక్కించాలట, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. కెమెరా కట్టేస్తున్నాను.