గుర్రాలను పరుగెత్తించని జనరల్

అందరికీ నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధం అనగానే మనకు లింకన్, గ్రాంట్, లీ గుర్తొస్తారు. జార్జ్ హెన్రీ థామస్ అంటే మాత్రం "ఎవరాయన?" అంటారు. వాషింగ్టన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు థామస్ సర్కిల్ మీదుగా వెళ్లే ఉంటారు. అక్కడ గుర్రమెక్కి ఉన్న విగ్రహం ఈయనదే.

1816లో వర్జీనియాలో, బానిసలున్న ఇంట్లో పుట్టాడు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో పాఠాలు చెప్పే రోజుల్లో, అక్కడి ముసలి గుర్రాలు అలిసిపోతాయని కుర్రాళ్లను దౌడు తీయనిచ్చేవాడు కాదు. "స్లో ట్రాట్", అంటే మెల్లగా పోనివ్వండి అని కేక వేసేవాడు. కుర్రాళ్లు ఊరుకుంటారా? అదే ముద్దుపేరైంది. ఆ పేరే తర్వాత ఆయన కొంప ముంచింది.

1861లో బానిసత్వాన్ని వదలనన్న దక్షిణాది రాష్ట్రాలతో కలిసి వర్జీనియా దేశం నుంచి విడిపోయింది. అదే రాష్ట్రం వాడైన లీ, సైన్యానికి రాజీనామా చేసి సొంతవాళ్ల వైపు వెళ్లాడు. థామస్ వెళ్లలేదు, ఉత్తరాది సైన్యంలోనే ఉండిపోయాడు. ఇంట్లో అక్కచెల్లెళ్లు ఆయన ఫొటోను గోడవైపు తిప్పేశారని చెబుతారు. ఇటు ఉత్తరాదివాళ్లకేమో వర్జీనియావాడంటే అనుమానం. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం.

1863 సెప్టెంబర్ 20న జార్జియాలోని చికమాగా దగ్గర ఒక తప్పుడు ఆర్డరు వల్ల ఉత్తరాది సేనల వరుసలో ఖాళీ ఏర్పడింది. శత్రువు అందులోంచి దూసుకొచ్చాడు. పైఅధికారి రోజ్‌క్రాన్స్ వెనకున్న చాటనూగా ఊరికి వెళ్లిపోయాడు. థామస్ ఒక గుట్ట మీద మిగిలినవాళ్లను కూడగట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాడు. తూటాలు అయిపోతే సైనికులు చనిపోయినవాళ్ల సంచులు వెతుక్కుని మరీ కాల్చారు. "చికమాగా బండరాయి" అన్న బిరుదు అలా వచ్చింది.

నాకు మాత్రం 1864 డిసెంబర్‌లో టెనసీ రాష్ట్రంలో జరిగిన నాష్‌విల్ యుద్ధం ఎక్కువ ఇష్టం. ఊరి బయట దక్షిణాది జనరల్ హుడ్ సైన్యం కాచుకుని ఉంది. ఎక్కడో వర్జీనియాలో ఉన్న ఉత్తరాది సేనల అధిపతి గ్రాంట్ "వెంటనే దాడి చెయ్యి" అని టెలిగ్రాం మీద టెలిగ్రాం కొడుతున్నాడు. థామస్‌కేమో అశ్వికదళానికి చాలినన్ని గుర్రాలు లేవు. సర్కస్ గుర్రాలను కూడా వదలకుండా పోగుచేశారు. అంతా సిద్ధమయ్యేసరికి మంచు వాన కురిసింది. నేలంతా అద్దంలా గడ్డకట్టి, గుర్రం కాలు పెడితే జారుతోంది. ఇక్కడ అడుగు పెట్టే వీల్లేదు, అక్కడ గ్రాంట్‌కు టెన్షన్. అసలే "స్లో ట్రాట్" అన్న పేరున్న మనిషి కదా! థామస్‌ను తీసేద్దామని ఇంకో జనరల్‌ను పంపి, చివరికి తానే బయల్దేరాడు.

మంచు కరిగింది. 15న పొగమంచు విడిపోగానే థామస్ దాడి మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో హుడ్ సైన్యం చెల్లాచెదురైంది. గ్రాంట్ దారిలోనే ఆగిపోయాడు. నాష్‌విల్ దగ్గర ఒక గుట్ట ఎక్కుతూ ఉత్తరాది వైపు నల్లజాతి సైనికుల దళం ఒకటి దాదాపు 220 మందిని పోగొట్టుకుంది. వాళ్లు రక్షణ గోడల చాటు నుంచి బయటికొచ్చి పోరాడగలరా అని అంతకుముందు సందేహించిన థామస్, శవాల మధ్య నుంచి వెళ్తూ ఆ ప్రశ్న ఇక తీరిపోయిందన్నాడు. బానిసలున్న ఇంట పుట్టిన మనిషి నోట వచ్చిన మాట అది.

యుద్ధం తర్వాత గ్రాంట్, మరో ఉత్తరాది జనరల్ షెర్మన్ తమ కథలు తామే రాసుకున్నారు. థామస్ ఆత్మకథ రాయలేదు, సొంత కాగితాలు కూడా మిగల్చలేదు. చరిత్రలో ఆయన వాటా తగ్గిందంటే సగం కారణం ఇదేనని నేననుకుంటాను. 1870లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, నాష్‌విల్ విషయంలో తనను తక్కువ చేసిన వ్యాసానికి జవాబు రాస్తుండగా పక్షవాతం వచ్చింది. ఆ రోజే పోయాడు.

న్యూయార్క్ రాష్ట్రంలో భార్య ఊరైన ట్రాయ్‌లో ఖననం చేశారు. అప్పటికి అమెరికా ప్రెసిడెంట్ అయిన గ్రాంట్ వచ్చాడు. వర్జీనియా నుంచి అక్కచెల్లెళ్లు రాలేదు.